లోహాలు, అర్ధలోహాలు, అలోహాలు: గుణాల్లో తేడాలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పాఠం చదువుకున్న వాళ్లందరికీ ఒక పట్టిక గుర్తుంటుంది. ఎడమవైపు లోహాలు: మెరుస్తాయి, సాగుతాయి, మోగుతాయి, కరెంటును పారనిస్తాయి. కుడివైపు అలోహాలు: ఇవేవీ చెయ్యవు. పట్టిక తప్పేమీ కాదు. కాకపోతే పాదరసం, గ్రాఫైట్, సోడియం, అయోడిన్ లాంటివి ఎదురవగానే అది తడబడుతుంది, అర్ధలోహాల దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. ప్రశ్నలన్నీ మొదలయ్యేది కూడా అక్కడే. అందుకే ఇక్కడ పట్టిక కంటే దాని వెనకున్న కారణానికే ఎక్కువ చోటిచ్చాను.

మూడింటికీ అసలు తేడా ఎక్కడుంది?

పరమాణువు తన బయటి కక్ష్యలోని ఎలక్ట్రాన్లను ఎంత గట్టిగా పట్టుకుంటుందన్న దాంట్లో ఉంది. లోహ పరమాణువుల పట్టు సడలుగా ఉంటుంది. బయటి ఎలక్ట్రాన్లు సాధారణంగా ఒకటో రెండో మూడో ఉంటాయి, అవి తేలిగ్గా విడిపోతాయి. అలోహాల పట్టు గట్టిది. ఉన్నవాటిని వదలకపోగా పక్కవాటి నుంచి ఇంకొన్ని లాక్కోవాలని చూస్తాయి. అర్ధలోహాలు ఈ రెండింటి నడుమ ఉంటాయి.

దీన్ని అంకెల్లో కూడా చూడొచ్చు. ఒక మోల్ (పరమాణువులను లెక్కపెట్టే ప్రమాణం) సోడియం పరమాణువుల నుంచి తలా ఒక ఎలక్ట్రాన్‌ను లాగెయ్యడానికి దాదాపు 496 కిలోజౌళ్లు చాలు. సిలికాన్‌కు 786 కావాలి, క్లోరిన్‌కు 1251 కావాలి. దీన్నే అయనీకరణ శక్తి అంటారు. మెరుపు, వాహకత (కరెంటును పారనిచ్చే గుణం), సాగే గుణం, ఆక్సైడ్ (ఆక్సిజన్‌తో కలిస్తే ఏర్పడే పదార్థం) స్వభావం అన్నీ ఈ పట్టు తేడా నుంచే వస్తాయి. పాఠంలో ఏది మరచిపోయినా ఇదొక్కటి గుర్తుంటే మిగతాది మళ్లీ రాబట్టుకోవచ్చు.

మూలకాల్లో ఏవి ఎన్ని?

ఇప్పటికి తెలిసిన 118 మూలకాల్లో 90కి పైగా లోహాలే. అలోహాలను సాధారణంగా 17గా లెక్కిస్తారు. గది ఉష్ణోగ్రత దగ్గర వాటిలో 11 వాయువులు, ఒకటి ద్రవం (బ్రోమిన్), మిగతా ఐదు ఘనపదార్థాలు: కార్బన్, భాస్వరం, గంధకం, సెలీనియం, అయోడిన్. అర్ధలోహాలు ఆరు అని ఎక్కువమంది ఒప్పుకుంటారు.

సంఖ్యలో తక్కువైనంత మాత్రాన అలోహాలు చిన్నవి కావు. భూమి పైపొర బరువులో దాదాపు 46 శాతం ఆక్సిజనే. మన శరీరం బరువులో సుమారు 96 శాతం ఆక్సిజన్, కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ అనే నాలుగు అలోహాలది.

సుత్తితో కొడితే అల్యూమినియం రేకవుతుంది, గంధకం పొడి అవుతుంది. ఎందుకు?

లోహంలో పరమాణువులు వరసలు వరసలుగా పేర్చి ఉంటాయి. వాటి నుంచి విడిపోయిన ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడకుండా ముక్కంతటా తిరుగుతుంటాయి. ముక్కను కలిపి ఉంచేది ఈ ఉమ్మడి ఎలక్ట్రాన్లే కాబట్టి లోహ బంధానికి ఫలానా దిక్కు అంటూ ఉండదు. సుత్తి దెబ్బకు ఒక పొర మరో పొర మీదుగా జారుతుంది. జారిన చోట కూడా ఎలక్ట్రాన్లు అలాగే ఉంటాయి, బంధం తెగదు. దాంతో ఆకారం మారుతుందే తప్ప ముక్క విరగదు.

గంధకం సంగతి వేరు. అందులో ఎనిమిదేసి పరమాణువులు ఉంగరంలా కలిసి ఒక అణువు అవుతాయి. ఉంగరం లోపల బంధాలు బలమైనవే, కానీ ఒక ఉంగరానికీ మరోదానికీ నడుమ ఆకర్షణ చాలా బలహీనం. దెబ్బ పడగానే అవి విడిపోతాయి. సిలికాన్‌లో ఇంకో కారణం. అక్కడ ప్రతి పరమాణువూ నాలుగు దిక్కుల్లో నలుగురు పొరుగువాళ్లతో ఎలక్ట్రాన్లను పంచుకునే గట్టి సమయోజనీయ బంధాలు కట్టుకుంటుంది. బంధానికి దిక్కు ఉంది కాబట్టి పొర జరిగిందంటే బంధం తెగినట్టే. అందుకే సిలికాన్ పలక గట్టిగా ఉంటూనే గాజులా పగులుతుంది.

సాగే గుణంలో బంగారాన్ని మించింది లేదు. ఒక్క గ్రాము బంగారాన్ని దాదాపు 2 కిలోమీటర్ల తీగగా సాగదియ్యవచ్చు. కొట్టి పలచన చేస్తే మిల్లీమీటరులో పదివేలో వంతు మందానికి వస్తుంది. అయితే లోహాలన్నీ ఇలా సాగుతాయనుకోకూడదు. బిస్మత్, మాంగనీస్ పెళుసుగా ఉంటాయి. జింక్ మామూలుగా పెళుసే కానీ 100 నుంచి 150 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడి చేస్తే మెత్తబడి రేకుగా సాగుతుంది.

మెరిసేవన్నీ లోహాలేనా?

కాదు. అయోడిన్ స్ఫటికాలు నలుపు కలిసిన బూడిదరంగులో చక్కగా మెరుస్తాయి, అయినా అది అలోహం. సిలికాన్, జెర్మేనియం, ఆంటిమొని చూపులకు అచ్చం లోహాల్లాగే ఉంటాయి. లోహాల్లో మెరుపుకు కారణం స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లు: పడిన కాంతిని అవి చాలావరకు వెనక్కి పంపేస్తాయి. వెండి దాదాపు అన్ని రంగులనూ తిప్పికొడుతుంది కాబట్టి తెల్లగా కనిపిస్తుంది. బంగారం నీలం వైపు కాంతిని పీల్చుకుంటుంది, అందుకే దానికా పసుపు.

కాబట్టి మెరుపు ఒక సూచన మాత్రమే. దాన్ని సాక్ష్యంగా తీసుకుంటే తరచూ మోసపోతాం. మరోవైపు, సోడియం ముక్కను కత్తితో కోసిన క్షణంలో వెండిలా మెరిసి, చూస్తుండగానే గాలి తగిలి మాసిపోతుంది. మాసిపోయిన ముక్కను చూసి అది లోహం కాదనుకునే ప్రమాదమూ ఉంది.

లోహం ముట్టుకుంటే చల్లగా, పక్కనే ఉన్న చెక్క మామూలుగా ఎందుకు అనిపిస్తాయి?

రెండూ ఒకే గదిలో ఉంటే రెండింటి ఉష్ణోగ్రతా ఒకటే. మన చేతి వేడిని లోహం చకచకా లాగేసుకుంటుంది, చెక్క లాగలేదు. చర్మం గుర్తించేది వేడి పోయే వేగాన్నే. లోహాల్లో వేడిని మోసేవి కూడా ప్రధానంగా ఆ స్వేచ్ఛా ఎలక్ట్రాన్లే. అందుకే కరెంటును బాగా పారనిచ్చే వెండి, రాగి వేడినీ బాగా ప్రసరింపజేస్తాయి.

ఒక్క మినహాయింపు చెప్పుకోక తప్పదు. వజ్రం అలోహం, కరెంటును పారనివ్వదు. కానీ వేడిని ప్రసరింపజేయడంలో రాగి కంటే దాదాపు ఐదు రెట్లు మెరుగు. అక్కడ వేడిని మోసేవి ఎలక్ట్రాన్లు కావు. గట్టిగా బిగిసి ఉన్న కార్బన్ పరమాణువుల కంపనాలే ఒక చివర నుంచి మరో చివరకు పాకుతాయి.

పాదరసం ద్రవం కదా, అది లోహం ఎలా అయింది?

ఘనమా ద్రవమా అన్నది ఉష్ణోగ్రతను బట్టి మారేది. పాదరసం దాదాపు మైనస్ 39 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది, గడ్డకట్టాక మిగతా లోహాల్లాగే సాగుతుంది. ద్రవంగా ఉన్నప్పుడూ మెరుస్తుంది, కరెంటును పారనిస్తుంది. అతివాహకత (నిరోధమే లేకుండా కరెంటు పారే స్థితి) మొదటిసారి బయటపడింది కూడా పాదరసంలోనే, 1911లో. దాని పరమాణువు బయటి రెండు ఎలక్ట్రాన్లను మిగతా లోహాల కంటే బిగువుగా పట్టుకుంటుంది. అందువల్ల పరమాణువుల మధ్య లోహ బంధం బలహీనపడి అంత తక్కువ ఉష్ణోగ్రతకే కరిగిపోతుంది.

సీజియం 28.5 డిగ్రీలకు, గాలియం 29.8 డిగ్రీలకు కరుగుతాయి. గాలియం ముక్కను అరచేతిలో పెట్టుకుంటే ఒంటి వేడికే నీరవుతుంది. ఇంకో కొసన టంగ్‌స్టన్ ఉంది, అది కరగాలంటే 3422 డిగ్రీలు కావాలి.

లోహాలన్నీ గట్టిగా, బరువుగా ఉంటాయి కదా?

అలా అనుకోవడానికి మనం రోజూ చూసే ఇనుము కారణం. సోడియం, పొటాషియం కత్తికి తెగేంత మెత్తన. రెండింటి సాంద్రతా నీటికంటే తక్కువ. లిథియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 0.53 గ్రాములే, ఆస్మియానిది 22.6 గ్రాములు. అంటే లోహాల్లోనే నలభై రెట్లకు పైగా తేడా. ఇక సహజంగా దొరికే అత్యంత కఠిన పదార్థంగా పేరున్న వజ్రం అలోహ రూపం.

గ్రాఫైట్‌లో కరెంటు పారుతుంది. మరి కార్బన్‌ను లోహం అని ఎందుకు అనరు?

మంచి ప్రశ్న. పట్టికను నమ్ముకున్న వాళ్లను ఇబ్బంది పెట్టేది ఇదే. గ్రాఫైట్‌లో ప్రతి కార్బనూ మూడు కార్బన్లతోనే బంధం కడుతుంది. నాలుగో ఎలక్ట్రాన్ మిగిలిపోయి ఆ పొర వెంబడి తిరుగుతుంది. కరెంటును మోసేది అదే. వజ్రంలో నాలుగు ఎలక్ట్రాన్లూ బంధాల్లో బిగుసుకుపోతాయి కాబట్టి కరెంటు పారదు.

కానీ ఒక్క గుణాన్ని పట్టుకుని మూలకాన్ని ఒక వర్గంలో వెయ్యడం సరికాదు. గ్రాఫైట్ సుత్తి దెబ్బకు రేకు కాదు, పొడి అవుతుంది. గాలిలో మండిస్తే వచ్చే కార్బన్ డయాక్సైడ్ నీటిలో ఆమ్ల స్వభావం చూపిస్తుంది. సోడియంలాగా ఎలక్ట్రాన్‌ను వదిలేసి ధన అయాన్‌గా మారడం కార్బన్ తీరు కాదు, అది పంచుకుంటుంది. ఇవన్నీ కలిపి చూస్తే అలోహమే.

రసాయన గుణాల్లో తేడాను కళ్లారా చూడాలంటే?

ప్రయోగశాలలో ఉపాధ్యాయులు దగ్గరుండి చేయించే రెండు చిన్న పరీక్షలు చాలు. మొదటిది మెగ్నీషియం రిబ్బన్. ముందు గరుకు కాగితంతో దాని మీది మసకను రుద్దేస్తారు. పటకారుతో పట్టుకుని మంటలో పెడితే కళ్లు చెదిరే తెల్లటి వెలుగుతో మండుతుంది (ఆ వెలుగును నేరుగా చూడకూడదు). కింద పెట్టిన పళ్లెంలో తెల్లటి బూడిద రాలుతుంది. అదే మెగ్నీషియం ఆక్సైడ్. కాస్త నీళ్లు కలిపి ఎర్ర లిట్మస్ ముంచితే కాగితం మెల్లగా నీలంగా మారుతుంది. మెల్లగా ఎందుకంటే ఆ ఆక్సైడ్ నీటిలో కొద్దిగానే కరుగుతుంది. లిట్మస్ వెంటనే మారలేదని చాలామంది పరీక్ష తప్పిందనుకుంటారు, కొంచెం ఆగాలి.

రెండోది గంధకం. చెంచాలో చిటికెడు పొడి వేసి వేడి చేస్తే ముందు కరుగుతుంది, తర్వాత నీలి మంటతో మండుతుంది. ఆ చెంచాను జాడీలో దింపి మూత పెడితే లోపల ఘాటైన సల్ఫర్ డయాక్సైడ్ నిండుతుంది. తడిపిన నీలి లిట్మస్‌ను లోపల పెడితే ఎర్రబడుతుంది. ఆ వాయువు ఊపిరికి మంచిది కాదు కాబట్టి గాలి బాగా ఆడే చోటే చెయ్యాలి.

లోహ ఆక్సైడ్‌లు చాలావరకు క్షార స్వభావం కలవి, అలోహ ఆక్సైడ్‌లు చాలావరకు ఆమ్ల స్వభావం కలవి అనే సూత్రం ఈ రెండు కాగితాల్లోనే ఉంది. నా లెక్కలో మెరుపు, బరువు కంటే ఈ పరీక్షే నమ్మదగినది.

అన్ని ఆక్సైడ్‌లూ ఈ సూత్రం పాటిస్తాయా?

పాటించవు. అల్యూమినియం ఆక్సైడ్, జింక్ ఆక్సైడ్ ఆమ్లంతోనూ చర్య జరుపుతాయి, క్షారంతోనూ జరుపుతాయి. వీటిని ద్విస్వభావ ఆక్సైడ్‌లు అంటారు. కార్బన్ మోనాక్సైడ్, నైట్రిక్ ఆక్సైడ్, నైట్రస్ ఆక్సైడ్ తటస్థ ఆక్సైడ్‌లు. ఒకే లోహం వేర్వేరు ఆక్సైడ్‌లలో వేర్వేరుగా ప్రవర్తించడమూ ఉంది. క్రోమియం ఒక్కో పరమాణువుకు ఒక్క ఆక్సిజన్ ఉన్న ఆక్సైడ్ క్షార స్వభావం చూపితే, మూడు ఆక్సిజన్లున్నది ఆమ్ల స్వభావం చూపుతుంది. ఆక్సిజన్ ఎక్కువయ్యేకొద్దీ లోహం మీద ఎలక్ట్రాన్ల కరువు పెరుగుతుంది, అది అలోహంలా ప్రవర్తించడం మొదలుపెడుతుంది.

ఆమ్లం పోస్తే ప్రతి లోహం నుంచీ హైడ్రోజన్ వస్తుందా?

రాదు. జింక్ ముక్కల మీద సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోస్తే బుడగలు వస్తాయి. పరీక్షనాళిక మూతి దగ్గర మండుతున్న పుల్ల పెడితే టప్‌మని శబ్దం వస్తుంది, అది హైడ్రోజన్. అదే ఆమ్లంలో రాగి తీగ వేస్తే ఏమీ కాదు. చర్యాశీలత క్రమంలో (ఎంత చురుగ్గా చర్య జరుపుతాయో ఆ వరసలో) హైడ్రోజన్ కంటే పైనున్న పొటాషియం, సోడియం, కాల్షియం, మెగ్నీషియం, అల్యూమినియం, జింక్, ఇనుము హైడ్రోజన్‌ను తరిమెయ్యగలవు. కిందున్న రాగి, పాదరసం, వెండి, బంగారం తరమలేవు.

బంగారం ఏ ఒక్క మామూలు ఆమ్లానికీ లొంగదు. మూడు పాళ్ల గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, ఒక పాలు గాఢ నైట్రిక్ ఆమ్లం కలిపిన ద్రవరాజంలో మాత్రం కరుగుతుంది. అలోహాలు ఆమ్లాల నుంచి హైడ్రోజన్‌ను విడుదల చెయ్యవు. హైడ్రోజన్ అయాన్‌కు ఎలక్ట్రాన్ ఇస్తే కదా హైడ్రోజన్ వచ్చేది? ఇచ్చే గుణం వాటికి లేదు.

సోడియాన్ని కిరోసిన్‌లో, తెల్ల భాస్వరాన్ని నీళ్లలో ఉంచుతారు. తారుమారు చేస్తే?

సోడియాన్ని నీళ్లలో వేస్తే అదే వేడికి కరిగి ఉండలా మారి, హైడ్రోజన్ విడుదల చేస్తూ నీటి మీద పరుగులు తీస్తుంది, ముక్క పెద్దదైతే పేలుతుంది. తెల్ల భాస్వరం నీటితో చర్య జరపదు కానీ గాలిలో సుమారు 30 డిగ్రీలకే అంటుకుంటుంది. ఒకటి నీటికి, మరోటి గాలికి దూరంగా ఉండాలి, అంతే. లిథియం కిరోసిన్‌లో కూడా పైకి తేలుతుంది కాబట్టి దానికి వేరే ఏర్పాటు చేస్తారు.

అర్ధలోహాలు ఏవి?

బోరాన్, సిలికాన్, జెర్మేనియం, ఆర్సెనిక్, ఆంటిమొని, టెల్లూరియం. ఆవర్తన పట్టికలో బోరాన్ దగ్గర మొదలై మెట్లు మెట్లుగా కుడివైపు కిందికి దిగే గీతకు ఇవి అటూ ఇటూ ఉంటాయి. సెలీనియం, పొలోనియం, ఆస్టటీన్‌లను కొందరు ఇందులో కలుపుతారు, కొందరు కలపరు. రెండు పుస్తకాల్లో రెండు జాబితాలు కనిపిస్తే ఏదో ఒకటి అచ్చు తప్పనుకోకండి. అర్ధలోహానికి అందరూ ఒప్పుకున్న ఖచ్చితమైన నిర్వచనమే లేదు.

ఈ ఆరింటి రుణవిద్యుదాత్మకత (బంధంలోని ఎలక్ట్రాన్లను తనవైపు లాక్కునే గుణం) దాదాపు 1.9 నుంచి 2.2 మధ్య ఉంటుంది. ఫ్లోరిన్‌ది 3.98, సీజియానిది 0.79. అయితే ఈ ఒక్క అంకెతో తేల్చేద్దామంటే కుదరదు. రాగి, వెండి కూడా ఇదే పరిధిలో ఉన్నాయి, బంగారం 2.54తో దీన్ని దాటిపోయింది.

అర్ధలోహం అంటే కరెంటు సగమే పారుతుందా?

ఈ అపోహ చాలామందిలో ఉంది. సగం కాదు, సగానికి దరిదాపుల్లో కూడా కాదు. గది ఉష్ణోగ్రత దగ్గర స్వచ్ఛమైన సిలికాన్ నిరోధకత (కరెంటుకు అడ్డుపడే గుణం) రాగి కంటే పదివేల కోట్ల రెట్లకు పైగా ఎక్కువ. రాగిలో పరమాణువుకొక స్వేచ్ఛా ఎలక్ట్రాన్ ఉంటే, స్వచ్ఛమైన సిలికాన్‌లో సుమారు ఐదు లక్షల కోట్ల పరమాణువులకు ఒక్కటి ఉంటుంది. ఆ లెక్కన సిలికాన్ పనికిరాని వాహకం.

దాని గొప్పదనం వేరే చోట ఉంది. ఆ ఎలక్ట్రాన్ల సంఖ్యను మనం కోరినట్టు మార్చుకోవచ్చు. పది లక్షల సిలికాన్ పరమాణువుల్లో ఒక్కదాని చోట భాస్వరాన్ని పెట్టామనుకోండి. భాస్వరానికి బయటి ఎలక్ట్రాన్లు ఐదు. నాలుగు బంధాలకు పోగా ఒకటి మిగిలి స్వేచ్ఛగా తిరుగుతుంది. పది లక్షలకు ఒకటంటే చాలా తక్కువనిపిస్తుంది, కానీ ముందున్నది లక్షల కోట్లకు ఒకటి! వాహకత ఒక్కసారిగా లక్షల రెట్లు పెరుగుతుంది. బోరాన్‌ను చేరిస్తే దానికి మూడే ఎలక్ట్రాన్లు కాబట్టి ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీ కూడా ధనావేశంలాగా కదిలి కరెంటును మోస్తుంది. ఈ రెండు రకాల సిలికాన్‌ను పక్కపక్కన చేర్చితే కరెంటును ఒకవైపే పారనిచ్చే డయోడ్, తగిన వరసలో పేర్చితే కరెంటును అదుపుచేసే ట్రాన్సిస్టర్, అలాంటివి కోట్ల కొద్దీ చిన్న ముక్క మీద చెక్కితే చిప్.

రాగికి ఈ పని చేతకాదు, గంధకానికీ చేతకాదు. మొదటిదాంట్లో ఎలక్ట్రాన్లు ముందే నిండుగా ఉన్నాయి, రెండోదాంట్లో కదల్చలేనంత బిగువుగా ఉన్నాయి. నడిమధ్యలో ఉండటమే సిలికాన్ బలం. మూడు వర్గాల్లో నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది ఇదే. పాఠాల్లో దీనికి రెండు వాక్యాలతో సరిపెట్టడం అన్యాయం.

వేడి చేస్తే వాహకత పెరుగుతుందా, తగ్గుతుందా?

లోహంలో తగ్గుతుంది. వేడికి పరమాణువులు ఎక్కువగా కంపించి ఎలక్ట్రాన్ల దారికి అడ్డుపడతాయి. రాగి తీగను 100 డిగ్రీలు వేడెక్కిస్తే దాని నిరోధం దాదాపు 40 శాతం పెరుగుతుంది. పాతకాలపు బల్బులోని టంగ్‌స్టన్ తీగ నిరోధం వెలిగేటప్పుడు చల్లగా ఉన్నప్పటి కంటే పది రెట్లకు పైగా ఉంటుంది.

సిలికాన్, జెర్మేనియంలలో దీనికి పూర్తిగా తలకిందులు. వేడి కొన్ని బంధాలను తెంచి కొత్త ఎలక్ట్రాన్లను విడిపిస్తుంది, కాబట్టి వాహకత పెరుగుతుంది. లోహానికీ, సిలికాన్ లాంటి అర్ధవాహకానికీ తేడా పట్టే పరీక్షల్లో ఇది చాలా పదునైనది. కానీ ఆర్సెనిక్, ఆంటిమొని ఈ పరీక్షలో లోహాల పక్షానే నిలబడతాయి. అవి అర్ధలోహాల జాబితాలోకి రావడానికి పెళుసుదనం, ఆక్సైడ్‌ల స్వభావం కారణాలు. అర్ధలోహాలన్నీ అర్ధవాహకాలే అని రాయడం అందుకే పొరపాటు.

సిలికాన్ ఎప్పటి నుంచో ఉందిగా, జెర్మేనియానికి అంత పేరెందుకు?

రెండు కారణాలు. దాన్ని ఎవరూ చూడకముందే 1871లో, ఆవర్తన పట్టికను రూపొందించిన మెండలీవ్ ఊహించాడు. పట్టికలో సిలికాన్ కింద ఖాళీ గడి వదిలి, అక్కడ పరమాణు భారం 72, సాంద్రత 5.5 ఉన్న మూలకం దొరుకుతుందన్నాడు. 1886లో జర్మనీలో క్లెమెన్స్ వింక్లర్ దాన్ని కనుక్కున్నాడు. పరమాణు భారం 72.6, సాంద్రత దాదాపు 5.35. పైనా కిందా ఉన్న మూలకాల గుణాలను బట్టి లేని మూలకం గుణాలు చెప్పగలగడం ఈ వర్గీకరణకు దొరికిన గట్టి రుజువు.

రెండోది, 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో బార్డీన్, బ్రాటైన్ తయారుచేసిన మొదటి ట్రాన్సిస్టర్ జెర్మేనియంతోనే పనిచేసింది. షాక్లీతో కలిపి ముగ్గురికీ 1956లో నోబెల్ వచ్చింది. తర్వాత సిలికాన్ ముందుకు దూసుకుపోయింది. అది ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, పైగా దాని మీద ఏర్పడే ఆక్సైడ్ పొర గట్టి విద్యుత్ బంధకం.

ఆవర్తన పట్టికలో లోహ గుణం ఎక్కడ ఆగిపోతుంది?

ఒక్క చోట ఆగదు, క్రమంగా తగ్గుతుంది. మూడో పీరియడ్‌ను (అడ్డు వరసను) ఎడమ నుంచి కుడికి చదవండి. సోడియం మెత్తటి లోహం, దాని ఆక్సైడ్ నీటిలో కలిస్తే బలమైన క్షారం. మెగ్నీషియం కూడా లోహమే, ఆక్సైడ్ బలహీన క్షారం. అల్యూమినియం మంచి వాహకం, కానీ ఆక్సైడ్ అప్పుడే రెండు వైపులా మాట్లాడుతోంది. సిలికాన్ ఆక్సైడ్ నీటిలో కరగదు కానీ గాఢ క్షారంతో వేడి చేస్తే చర్య జరుపుతుంది, అంటే కాస్త ఆమ్ల గుణం వచ్చింది. భాస్వరం ఆక్సైడ్ ఫాస్ఫారిక్ ఆమ్లం ఇస్తుంది, గంధకం ట్రయాక్సైడ్ సల్ఫ్యూరిక్ ఆమ్లం, క్లోరిన్ హెప్టాక్సైడ్ అన్నిటికంటే బలమైన ఆమ్లాల్లో ఒకటైన పెర్‌క్లోరిక్ ఆమ్లం. చివర ఆర్గాన్ మామూలుగా ఎవరితోనూ కలవదు.

ద్రవీభవన స్థానాలు కూడా చూడండి: సోడియం 98, మెగ్నీషియం 650, అల్యూమినియం 660, సిలికాన్ 1414. ఆ తర్వాత ఒక్కసారిగా పతనం: తెల్ల భాస్వరం 44, గంధకం 115, క్లోరిన్ మైనస్ 101. సిలికాన్ వరకు ముక్కంతా ఒకే బంధాల అల్లిక. దాని తర్వాత చిన్న చిన్న అణువులు, వాటి మధ్య నామమాత్రపు ఆకర్షణ.

మరి పై నుంచి కిందికి దిగితే?

లోహ గుణం పెరుగుతుంది. పరమాణువు పెద్దదయ్యేకొద్దీ బయటి ఎలక్ట్రాన్లు కేంద్రకానికి దూరమై పట్టు సడలుతుంది. 14వ గ్రూపులో (నిలువు వరసలో) కార్బన్ అలోహం, సిలికాన్, జెర్మేనియం అర్ధలోహాలు, తగరం, సీసం లోహాలు. 15వ గ్రూపులోనూ ఇదే వరస: నైట్రోజన్, భాస్వరం అలోహాలు, ఆర్సెనిక్, ఆంటిమొని అర్ధలోహాలు, బిస్మత్ లోహం.

తగరం గురించి ఒక విశేషం. మామూలుగా అది తెల్లగా మెరిసే మెత్తటి లోహం. 13 డిగ్రీల కంటే చల్లబడి చాలాకాలం ఉంటే బూడిదరంగు రూపంలోకి మారుతుంది, అప్పుడు దాని పరమాణువుల అమరిక వజ్రంలోని అమరికే. సాంద్రత తగ్గి ఉబ్బుతుంది, ముక్క పొడిపొడిగా రాలిపోతుంది. అంటే సరిహద్దు దగ్గరున్న మూలకానికి లోహంగా ఉండటం కూడా కొన్ని పరిస్థితుల్లోనే.

ఇత్తడి, కంచు, ఉక్కు ఏ వర్గంలోకి వస్తాయి?

ఈ వర్గాలు మూలకాలకు. ఇత్తడి (రాగి, జింక్), కంచు (రాగి, తగరం), ఉక్కు (ఇనుము, కార్బన్) మిశ్రమలోహాలు. గుణాలు మాత్రం లోహాలవే. ఉక్కులో కార్బన్ సాధారణంగా రెండు శాతం లోపే ఉంటుంది. ఆ కాస్త అలోహం ఇనుప పొరలు జారకుండా అడ్డుపడి దానికి అంత గట్టిదనం ఇస్తుంది.

జడవాయువులు (హీలియం, ఆర్గాన్ లాంటివి) అలోహాలేనా?

అవును. మామూలుగా ఎలక్ట్రాన్లను వదలవు, తీసుకోవు కూడా. వీటికి సమ్మేళనాలే ఉండవని చాలాకాలం నమ్మారు. 1962లో నీల్ బార్ట్‌లెట్ జినాన్‌తో సమ్మేళనం చేసి చూపించాడు.

హైడ్రోజన్‌ను క్షారలోహాల (లిథియం, సోడియం, పొటాషియం లాంటివాటి) పైన ఎందుకు రాస్తారు?

బయటి కక్ష్యలో ఒకే ఎలక్ట్రాన్ ఉందని. పోలిక దాదాపు అంతవరకే. దాని అయనీకరణ శక్తి మోల్‌కు 1312 కిలోజౌళ్లు, సోడియానికి రెండున్నర రెట్లకు పైగా. అది వాయువు, అలోహం. అయితే లక్షల కొద్దీ వాతావరణాల పీడనంలో హైడ్రోజన్ లోహంగా మారుతుందని 1935లో విగ్నర్, హంటింగ్టన్ లెక్కగట్టారు. బృహస్పతి గ్రహం లోపల హైడ్రోజన్ చాలావరకు అలాంటి స్థితిలోనే ఉందని శాస్త్రవేత్తల అభిప్రాయం.

తెలియని మూలకం ముక్క ఇచ్చి వర్గం చెప్పమంటే ఎలా మొదలుపెట్టాలి?

నేనైతే రంగు, మెరుపు చివరికి వదిలేస్తాను. ముందు కరెంటు పారుతుందో లేదో చూస్తాను. పారితే వేడి చేసి నిరోధం ఎటు మారిందో కొలుస్తాను. తర్వాత చిన్న ముక్కను కొట్టి చూడటం: సాగిందా, పగిలిందా? ఆఖరున ఆక్సైడ్. నిరోధం పెరిగి, ముక్క సాగి, ఆక్సైడ్ క్షారమైతే లోహమని ధీమాగా చెప్పొచ్చు. కరెంటు పారక, పగిలి, ఆక్సైడ్ ఆమ్లమైతే అలోహం అయ్యుండాలి, స్వచ్ఛమైన బోరాన్, సిలికాన్ లాంటివే ఇక్కడ తికమక పెట్టేవి. జవాబులు ఒకదానితో ఒకటి పొసగకపోతే చేతిలో ఉన్నది బహుశా అర్ధలోహం. కాకపోతే గ్రాఫైట్‌ను, బిస్మత్‌ను ఒకసారి తలుచుకుని మరీ చెప్పండి.

పొలోనియం, ఆస్టటీన్‌లను ఎటు వెయ్యాలి?

పొలోనియం కరెంటును లోహంలాగే పారనిస్తుంది, వేడికి దాని నిరోధం పెరుగుతుంది. దాన్ని లోహం అనడమే నాకు సబబుగా తోస్తుంది. ఆస్టటీన్ విషయంలో పరీక్షకు ముక్కే దొరకదు. దాని ఐసోటోపుల్లో (ఒకే మూలకపు వేర్వేరు బరువుల రూపాల్లో) అన్నిటికంటే ఎక్కువకాలం నిలిచేదాని అర్ధజీవితకాలం (సగం క్షీణించడానికి పట్టే సమయం) కూడా దాదాపు 8 గంటలే. కంటికి కనిపించేంత పోగుచేసినా తన రేడియోధార్మికత పుట్టించే వేడికే ఆవిరైపోతుంది. ఘనరూపంలో అది లోహమే అవుతుందని 2013లో వెలువడిన సిద్ధాంత గణనలు చెబుతున్నాయి.